ఓడలో కిడ్స్ క్లబ్: ‘ఉచితం’ ఎక్కడిదాకా?

రాయల్ కరీబియన్ కంపెనీ 2024 జనవరిలో మయామీ నుంచి మొదలుపెట్టిన ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ ఓడకు ప్రయాణికుల లెక్క రెండు రకాలుగా చెబుతారు. కేబిన్‌కు ఇద్దరు చొప్పున చూస్తే 5,610 మంది. ప్రతి మంచమూ నిండితే 7,600 మంది దాకా. ఈ రెండు అంకెలకీ మధ్య ఉన్న దాదాపు రెండు వేల మంది ఎవరు? సోఫా లాగితే వచ్చే పక్క మీద, పైనుంచి దించే బెర్తు మీద పడుకునేవాళ్లు. అంటే చాలావరకు పిల్లలే.

బడులకు సెలవులున్న వారాల్లో ఓడ ఇలా నిండుతుంది. అంతమంది పిల్లలతో వారం రోజులు ఏం చేయాలన్నదానికి కంపెనీలు చూపించే దారి కిడ్స్ క్లబ్. బ్రోషర్లో రంగురంగుల గది ఫొటో, పక్కనే ‘ఉచితం’ అన్న మాట. సింగపూర్ నుంచి మూడు రాత్రుల క్రూయిజ్ బుక్ చేసుకునే హైదరాబాద్ కుటుంబానికైనా, డల్లాస్ నుంచి కారులో గాల్వెస్టన్ రేవుకు వెళ్లి ఓడెక్కే తెలుగు కుటుంబానికైనా ఈ మాటే ధైర్యం. పిల్లాణ్ని అక్కడ వదిలేసి మనం కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు అనుకుంటారు.

తీరా ఓడెక్కాక ఒక్కో షరతూ బయటపడుతుంది. మూడేళ్లు నిండాయా? డైపర్ మానేశాడా? నిన్న వాంతి అయిందా? రాత్రి పది దాటితే డబ్బు కడతారా? కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లకు ఇదంతా కంపెనీ మొండితనంలా కనిపిస్తుంది. నిజానికి ఒక్కో షరతు వెనక ఒక్కో కారణం ఉంది. కొన్ని డబ్బుకు సంబంధించినవి, కొన్ని రోగాలకు, కొన్ని చట్టానికి. వీటన్నిటినీ ఒకే ముడిగా వేసి ‘పాలసీ’ అని పేరు పెట్టడంతోనే గందరగోళం వస్తోంది.

ముందు డబ్బు సంగతి. పగలంతా పిల్లల్ని చూసుకుంటూ కంపెనీ రూపాయి కూడా ఎందుకు అడగదు? క్రూయిజ్ కంపెనీలు టికెట్ మీద మాత్రమే బతకవు. రాయల్ కరీబియన్ వంటి పెద్ద సంస్థ ఆదాయంలో సుమారు మూడో వంతు ఓడ ఎక్కాక పెట్టించే ఖర్చు నుంచి వస్తుంది. బార్, కేసినో, స్పా, అదనపు డబ్బు కట్టే రెస్టారెంట్, రేవుల్లో దిగి చేసే టూర్లు, వైఫై అన్నీ ఇందులోకే వస్తాయి. చేతిలో నాలుగేళ్ల పిల్ల ఉన్న అమ్మ స్పాకు వెళ్లలేదు. కేసినోలోకి పిల్లల్ని రానివ్వరు. కాబట్టి పిల్ల క్లబ్బులో గడిపే ప్రతి గంటా తల్లిదండ్రుల చేతికి ఖాళీ గంటై వస్తుంది, అందులో కొన్ని గంటలు కంపెనీకి ఆదాయంగా మారతాయి. క్లబ్బు మీద పెట్టే జీతాల ఖర్చు ఆ రకంగా తిరిగొస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. ఉచితం అన్నదానికి లెక్క ఎక్కడో ఒకచోట ఉంటుందని తెలిస్తే చాలు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈసారి క్రూయిజ్‌కే మళ్లీ వెళ్దామా, ఇంకెక్కడికైనా పోదామా అన్నది చాలా ఇళ్లలో పిల్లలే తేలుస్తారు. ఇది కంపెనీలు ఎప్పుడో కనిపెట్టాయి. 1936లో ప్రయాణాలు మొదలుపెట్టిన బ్రిటిష్ ఓడ ‘క్వీన్ మేరీ’లోనూ పిల్లల ఆటగదులు ఉన్నాయి. కానీ అవి పెద్దల దారికి పిల్లలు అడ్డు రాకుండా కట్టినవి. పిల్లల్నే ఎరగా పెట్టి ఓడను అమ్మడం 1980లలో మొదలైంది. ఫ్లోరిడాలోని పోర్ట్ కెనావరల్ నుంచి నడిచిన ప్రీమియర్ క్రూయిజ్ లైన్ 1985లో డిస్నీతో ఒప్పందం చేసుకుని మిక్కీ మౌస్ వేషాలను ఓడెక్కించింది. ఆ వ్యాపారం రుచి చూసిన డిస్నీ 1998లో ‘డిస్నీ మ్యాజిక్’తో సొంతంగా దిగింది. అక్కణ్నుంచి మిగతావాళ్లకు పిల్లల గదిని డెక్ మూలన పడేసే వీలు లేకుండా పోయింది.

మూడేళ్ల గీత

తల్లిదండ్రులకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది వయసు గీత. చాలా కంపెనీల్లో ఉచిత క్లబ్బు మూడేళ్లు నిండాకే. రాయల్ కరీబియన్ ‘అడ్వెంచర్ ఓషన్’, డిస్నీ ‘ఓషనీర్ క్లబ్’, నార్వేజియన్ క్రూయిజ్ లైన్ ‘స్ప్లాష్ అకాడమీ’ మూడూ మూడేళ్ల నుంచే మొదలవుతాయి. రెండేళ్ల పదకొండు నెలల పిల్లాడికి, మూడేళ్ల ఒక నెల పిల్లాడికి తేడా ఏంటని తల్లి అడిగితే జవాబు చెప్పడం కౌంటర్ దగ్గర ఉన్న అమ్మాయి తరం కాదు.

జవాబు ఫ్లోరిడా నేల మీద దొరుకుతుంది. ఆ రాష్ట్ర డే కేర్ నిబంధనల ప్రకారం ఏడాది లోపు పసిపిల్లలు నలుగురికి ఒక మనిషి ఉండాలి. ఏడాది పిల్లలైతే ఆరుగురికి ఒకరు, రెండేళ్లవాళ్లైతే పదకొండు మందికి ఒకరు. మూడేళ్లు రాగానే పదిహేను మందికి ఒక్కరు చాలు. ఈ నిబంధన ఓడలకు వర్తించదు. ఎందుకు వర్తించదో తర్వాత చెబుతాను. కానీ పసిపిల్లల్ని చూడటం ఎంత ఖరీదైన పనో ఈ అంకెలు చెబుతాయి. పదిహేను మందిని చూడాల్సిన మనిషి నలుగురికే సరిపోతే, అదే జీతం దాదాపు నాలుగింతలు బరువవుతుంది. ఓడలో ఆ మనిషికి జీతమే కాదు, మంచం కూడా ఇవ్వాలి. సిబ్బందికి ఇచ్చే ప్రతి మంచమూ స్థలమే. ఓడలో డబ్బుకన్నా కొరతగా ఉండేది స్థలం.

అందుకే మూడేళ్ల లోపు పిల్లలకు నర్సరీ అని విడిగా ఉంటుంది, దానికి గంట లెక్కన డబ్బు తీసుకుంటారు. రాయల్ కరీబియన్‌లో ఆరు నెలల నుంచి 36 నెలల దాకా, డిస్నీలో ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు. గంటకు పది డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది. అమెరికాలో ఇంటికి బేబీ సిటర్‌ను పిలిస్తే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చవకే. కాకపోతే చోట్లు బాగా తక్కువ. ఓడలో నర్సరీ ఉందని చదివి నిశ్చింతగా బయల్దేరి, అక్కడికెళ్లాక మనకు కావాల్సిన సాయంత్రం నిండిపోయిందని తెలుసుకునేవాళ్లు తక్కువేం కాదు.

అందరూ ఇదే పద్ధతిలో లేరు. కార్నివాల్ తన ‘క్యాంప్ ఓషన్’లో రెండేళ్ల నుంచే పిల్లల్ని తీసుకుంటుంది, డైపర్ ఉన్నా పర్లేదు, సిబ్బందే మారుస్తారు. చిన్న పిల్లలున్న కుటుంబాలకు ఈ ఒక్క తేడా మిగతా హంగులన్నిటికన్నా విలువైనదని నా అభిప్రాయం. యూరప్ మూలాలున్న ఎంఎస్‌సీ మూడేళ్ల లోపు పిల్లలకు ‘బేబీ క్లబ్’ నడుపుతుంది. బ్రిటన్‌కు చెందిన పీ అండ్ ఓ క్రూయిజెస్ కుటుంబ ఓడల్లో నైట్ నర్సరీ ఉంటుంది. ఊయల మంచాల్లో పిల్లల్ని పడుకోబెట్టి తల్లిదండ్రులు భోజనానికి వెళ్లొస్తారు, దానికి విడిగా డబ్బు తీసుకోరు. అమెరికన్ కంపెనీల ఆలోచన ఆటల చుట్టూ తిరిగితే, బ్రిటిష్ వాళ్లది పిల్లల్ని చూసే ఆయాల సంప్రదాయం. మరోవైపు వర్జిన్ వాయేజెస్, వైకింగ్ లాంటివి పద్దెనిమిదేళ్ల లోపువాళ్లను అసలు ఓడే ఎక్కనివ్వవు.

వయసుకు సంబంధించి ఇంకో గీత ఉంది, చాలామంది దాన్ని గమనించరు. ఆరు నెలల లోపు పసికందును పెద్ద కంపెనీలు ఓడలోకి అనుమతించవు. మహాసముద్రం దాటే ప్రయాణాలకు, వరుసగా మూడు రోజులో అంతకన్నా ఎక్కువో రేవు తగలని ప్రయాణాలకు ఏడాది నిండాలి. ఓడ డాక్టర్ దగ్గర పసిపిల్లల ఐసీయూ ఉండదు. హెలికాప్టర్ అందనంత దూరంలో జ్వరం ముదిరితే చేయగలిగింది తక్కువ. ఈ నిబంధన మీద బేరమాడకపోవడమే మంచిది.

డైపర్ దగ్గర ఆగిపోయే ఉచితం

మూడేళ్లు నిండినా డైపర్ వాడే పిల్లల్ని చాలా క్లబ్బులు తీసుకోవు. నిక్కరులా తొడిగే డైపర్లు, అంటే పుల్-అప్స్ వేసినా ఒప్పుకోరు. ‘మావాడు నాలుగు గంటలు ఆపుకుంటాడు’ అన్నా కుదరదు. ఇది అతిశుభ్రత కోసం పెట్టింది కాదు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 1970ల నుంచి ఓడల పారిశుధ్యం మీద ఒక తనిఖీ కార్యక్రమం నడుపుతోంది. విదేశీ రేవుల నుంచి అమెరికా రేవుకు వచ్చే ప్రయాణికుల ఓడలన్నీ దాని కిందికి వస్తాయి. పిల్లల గదులకు అందులో విడిగా నియమాలున్నాయి. డైపర్ మార్చాలంటే దానికంటూ ఒక చోటు, పక్కనే చేతులు కడిగే సింకు, విడి చెత్తడబ్బా ఉండాలి. పిల్లల టాయిలెట్లు వాళ్ల ఎత్తుకు సరిపోవాలి. జబ్బు లక్షణాలున్న పిల్లల్ని ఎలా పట్టుకోవాలో, ఎప్పటిదాకా బయట ఉంచాలో సిబ్బంది దగ్గర రాతపూర్వకంగా ఉండాలి.

ఇంత పట్టింపు నోరోవైరస్ వల్ల. ఓడల మీద వచ్చే వాంతులు, విరేచనాల వ్యాప్తిలో ఎక్కువ భాగం దానిదే. ప్రయాణికుల్లోగానీ సిబ్బందిలోగానీ నూటికి ముగ్గురికి ఆ లక్షణాలు కనిపిస్తే చాలు, సీడీసీ ఆ ఓడ పేరు బహిరంగంగా ప్రకటిస్తుంది. కంపెనీకి అది పరువు సమస్య. ఒక్క పిల్లాడి చేతి నుంచి బొమ్మకు, బొమ్మ నుంచి ఇరవై మంది పిల్లలకు, వాళ్ల నుంచి ఇరవై కేబిన్లకు పాకే రోగం అది. కాబట్టి పొద్దున ఒక్కసారి వాంతి అయినా పిల్లాణ్ని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ‘బస్సులో తిప్పింది, అంతే’ అని మనం అంటే నమ్మే స్థితిలో వాళ్లు ఉండరు. డైపర్ ఉన్న పిల్లల్ని మామూలు ఈత కొలనుల్లోకి రానివ్వకపోవడానికి కూడా ఇదే కారణం. స్విమ్ డైపర్ వేసినా సరే, పసిపిల్లల కోసమే కట్టిన నీళ్ల చోటుకే వెళ్లాలి.

కొలను మాట వచ్చింది కాబట్టి ఒక మాట. క్లబ్బులో ఉన్నంతసేపే క్లబ్బు బాధ్యత. పిల్లాడు గుమ్మం దాటగానే కొలను, మెట్లు, రెయిలింగ్ అన్నీ అమ్మానాన్నల లెక్కలోకి వస్తాయి. చాలా ఏళ్లు క్రూయిజ్ ఓడల కొలనుల దగ్గర లైఫ్‌గార్డులే ఉండేవాళ్లు కాదు. డిస్నీ 2013లో, రాయల్ కరీబియన్ 2017లో వాళ్లను పెట్టడం మొదలుపెట్టాయి. ఇప్పటికీ అన్ని ఓడల్లో ఉన్నారని అనుకోవద్దు. పెళ్లింట్లో పిల్లల్ని ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు అనుకుని అందరూ పనుల్లో పడిపోతామే, ఓడ మీద ఆ ధోరణి ప్రమాదం.

డైపర్ నియమం అన్యాయంగా తగిలేది ఆటిజం లాంటి ఇబ్బందులున్న పిల్లలకు. ఏడేళ్లు వచ్చినా టాయిలెట్ అలవాటు పడని పిల్లలుంటారు. 2005లో అమెరికా సుప్రీంకోర్టు నార్వేజియన్ క్రూయిజ్ లైన్ మీద వచ్చిన ఒక కేసులో, అమెరికా జలాల్లో నడిచే విదేశీ జెండా ఓడలకూ, అంటే వేరే దేశంలో నమోదైన ఓడలకూ, వికలాంగుల హక్కుల చట్టం వర్తిస్తుందని తేల్చింది. దాని తర్వాత కంపెనీల తీరు మెల్లమెల్లగా మారింది. రాయల్ కరీబియన్ 2014 నుంచి ఆటిజం ఉన్న పిల్లల కోసం ప్రత్యేక ఏర్పాట్లు ప్రకటించింది, అందులో వయసును బట్టి కాకుండా సామర్థ్యాన్ని బట్టి గుంపులో కూర్చోబెట్టడం ఒకటి. ఇలాంటి అవసరం ఉన్నవాళ్లు ఓడెక్కాక అడిగితే ఆలస్యం. బుకింగ్ అప్పుడే రాతపూర్వకంగా చెప్పి, జవాబు కూడా రాతలోనే తీసుకోవాలి.

ఈ గది ఏ దేశానిది?

అన్నిటికన్నా చిక్కు ముడి ఇదే. మన ఊళ్లోనో టెక్సస్‌లోనో పిల్లాణ్ని డే కేర్‌లో వేస్తే దానికొక లైసెన్సు ఉంటుంది, అడిగేందుకు ఒక ఆఫీసు ఉంటుంది. ఓడలోని క్లబ్బుకు? కంపెనీ ఆఫీసు మయామీలో. ఓడ మీద ఎగిరే జెండా చాలాసార్లు బహామాస్‌దో, పనామాదో, మాల్టాదో. రేవు సింగపూర్. మీ పాస్‌పోర్టు భారత్‌ది. నడిసముద్రంలో ఓడ మీద నడిచేది ముందుగా జెండా దేశపు చట్టం. ఫ్లోరిడా డే కేర్ నిబంధనలు ఫ్లోరిడా నేల మీదే ఆగిపోతాయి. అందుకే కంపెనీలు తమ పత్రాల్లో ‘చైల్డ్ కేర్’ అన్న మాట కన్నా ‘యూత్ ప్రోగ్రామ్’ అన్న మాటే ఎక్కువ వాడతాయి.

అలాగని అంతా గాలికి వదిలేశారని కాదు. అమెరికాలో 2010లో వచ్చిన క్రూయిజ్ ఓడల భద్రతా చట్టం ప్రకారం అక్కడి రేవుల్లో ప్రయాణికుల్ని ఎక్కించుకునే, దించే పెద్ద ఓడలు తీవ్రమైన నేరాల్ని ఎఫ్‌బీఐకి చెప్పి తీరాలి. ఆ లెక్కల్ని రవాణా శాఖ కంపెనీల పేర్లతో సహా ప్రచురిస్తుంది. డెక్ రెయిలింగ్ 42 అంగుళాలకు తగ్గకూడదన్న నియమం కూడా ఆ చట్టంలోదే. కానీ సింగపూర్‌లో ఎక్కి సింగపూర్‌లోనే దిగే ప్రయాణానికి ఈ అమెరికా చట్టంతో సంబంధం లేదు. ఒకే కంపెనీ, ఒకే రంగు గది, ఒకే బొమ్మలు అయినా గాల్వెస్టన్‌లో ఎక్కినవాడి వెనక ఉన్న చట్టం వేరు, సింగపూర్‌లో ఎక్కినవాడి వెనక ఉన్నది వేరు.

టికెట్ కింద చిన్న అక్షరాల్లో ఉండేది ఇంకో సంగతి: దావా వేయాలంటే ఫలానా ఊరి కోర్టులోనే వేయాలి అని. 1991లో కార్నివాల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ షరతు చెల్లుతుందని చెప్పింది. మెక్సికో తీరం దగ్గర డెక్ మీద జారిపడిన వాషింగ్టన్ రాష్ట్రపు ప్రయాణికురాలు తన ఊళ్లో దావా వేస్తే, టికెట్ మీద రాసినట్టు ఫ్లోరిడాకే వెళ్లాలన్నారు. దేశంలోని వాళ్లకే అంత దూరమైతే, హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్ల సంగతి వేరే చెప్పాలా? ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. క్లబ్బు ఫారం మీద సంతకం పెట్టేముందు రెండు నిమిషాలు చదివితే నష్టం లేదు. ఎలర్జీలు, ఫోన్ నంబరు, పిల్లాణ్ని ఎవరు తీసుకెళ్లొచ్చు అన్న పేర్లు, ఫొటోలు తీయడానికి అనుమతి అన్నీ అందులోనే ఉంటాయి. చాలా కంపెనీల సిబ్బంది పిల్లలకు మందులు వేయరు, ఆ సమయానికి మీరే వెళ్లాలి. పెద్ద పిల్లలు తమంతట తామే బయటికి వచ్చేయడానికి అనుమతి ఇచ్చే గడి కూడా అదే ఫారంలో ఉంటుంది. హడావుడిలో దానికి టిక్కు పెట్టేస్తే, మీరు భోజనం చేస్తున్నప్పుడు మీ తొమ్మిదేళ్లవాడు పద్నాలుగు అంతస్తుల ఓడలో ఎక్కడైనా తిరుగుతూ ఉండొచ్చు.

ఒక విషయంలో మాత్రం చట్టం అన్ని దేశాల ఓడలకూ ఒకటే: ప్రాణరక్షణ. సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఓడలో ఉన్న ప్రతి పిల్లకూ సరిపోయే లైఫ్ జాకెట్ ఉండాలి. ఒక రోజుకన్నా ఎక్కువ సాగే ప్రయాణంలో ప్రతి పసికందుకూ విడిగా పసిపిల్లల జాకెట్ ఉండాలి. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయిన తర్వాత, ఓడ కదలకముందే లేదా కదిలిన వెంటనే అందరికీ భద్రతా డ్రిల్ జరగాలని మార్చారు. క్లబ్బులో చేరిన పిల్లల చేతికి కట్టే బ్యాండ్ ఇక్కడే పనికొస్తుంది. చాలా ఓడల్లో దాని మీద ఆ కుటుంబం చేరాల్సిన చోటు గుర్తు ఉంటుంది. ప్రమాద హెచ్చరికగా ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినపడితే క్లబ్బు సిబ్బందే పిల్లల్ని తీసుకుని బయల్దేరతారు. పిల్లాడి కోసం క్లబ్బు వైపు పరిగెత్తాలని తల్లిదండ్రులకు అనిపిస్తుంది. కానీ వేలమంది కిందికి దిగుతున్న మెట్ల మీద ఎదురెక్కడం ఎవరికీ మంచిది కాదు. పిల్లల్ని సిబ్బంది ఏ దారిన ఎక్కడికి తెస్తారో మొదటి రోజే క్లబ్బులో అడిగి తెలుసుకుంటే ఆ క్షణంలో తడబాటు ఉండదు.

రాత్రి పది తర్వాత డబ్బు ఎందుకన్నదీ సిబ్బంది దగ్గరే తేలుతుంది. క్లబ్బులో పనిచేసేవాళ్లు చట్టం దృష్టిలో నావికులే. 2006 నాటి సముద్ర కార్మికుల ఒప్పందం ప్రకారం వాళ్లకు రోజుకు కనీసం పది గంటల విశ్రాంతి ఉండాలి. పొద్దున తొమ్మిదికి తెరిచిన గదిని అర్ధరాత్రి దాటేదాకా నడపాలంటే రెండో బృందం కావాలి. అందుకే రాయల్ కరీబియన్‌లో పది దాటాక గంట లెక్క మొదలవుతుంది. పైగా గంట లెక్క పెడితే తల్లిదండ్రులు కూడా పెందలాడే వస్తారు, అది కంపెనీకి తెలియనిది కాదు.

తాతయ్య, నాన్నమ్మ వెంట ఉంటే

తెలుగు కుటుంబాలు ఓడెక్కేటప్పుడు తరచూ మూడు తరాలు కలిసి వెళతాయి. నాన్నమ్మ ఉండగా పిల్లాణ్ని పరాయివాళ్ల దగ్గర వదలడమేంటన్న మాట ఇంట్లోనే వస్తుంది. దాంతో క్లబ్బు ఊసే ఉండదు, నాన్నమ్మకు మాత్రం వారం రోజులు పిల్లలతోనే సరిపోతుంది. పాస్‌పోర్టు, వీసా, విమానం అన్నీ దాటుకుని సముద్రం చూడటానికి వచ్చిన మనిషిని కేబిన్లో కూర్చోబెట్టడం ఏం న్యాయం? కనీసం పగలు రెండు గంటలు క్లబ్బుకు వదిలితే ఆమె కూడా డెక్ మీద కూర్చుంటుంది.

భాష గురించి అనవసరంగా బెంగపడతారు. అమెరికాలో పుట్టిన పిల్లలకు అసలు సమస్యే లేదు. ఇక్కడినుంచి వెళ్లే ఐదేళ్ల పిల్లలు రంగులు, బ్లాకులు, వీడియో గేమ్‌లు ఉన్నచోట భాష లేకుండానే సర్దుకుంటారు. తిండి దగ్గరే జాగ్రత్త పడాలి. క్లబ్బులో భోజనం పెట్టే రోజుల్లో సాధారణంగా ఉండేవి పిజ్జా, పాస్తా, చికెన్ నగెట్స్. శాకాహారులైతే ఆ సంగతి ఫారంలో రాయాలి. పెరుగన్నం లేనిదే పొట్ట నిండని పిల్లాడైతే ముందే తినిపించి పంపడం మేలు.

దేశంలోనే ఎక్కాలనుకునేవాళ్లకు కార్డీలియా కంపెనీ ‘ఎంప్రెస్’ ఉంది. 2022 జూన్‌లో విశాఖపట్నం వచ్చి పుదుచ్చేరి, చెన్నై వైపు జనాన్ని తీసుకెళ్లినప్పుడు తీరం వెంట జనం ఫోన్లు పట్టుకుని నిలబడ్డ ఓడ అదే. 1990లో చిన్న ప్రయాణాల కోసం కట్టిన ఓడ, ఒకప్పుడు రాయల్ కరీబియన్‌దే. అందులోనూ పిల్లల కోసం ‘కార్డీలియా అకాడమీ’ పేరుతో చోటుంది. కానీ ఐకాన్ లాంటి కొత్త ఓడల వీడియోలు చూసి అదే ఊహించుకుని వెళితే నిరాశ తప్పదు. రెండు మూడు రాత్రుల ప్రయాణానికి అది చాలు. పైగా భోజనాల దగ్గర పిల్లాడితో యుద్ధం ఉండదు. సింగపూర్‌లో అయితే ‘జెంటింగ్ డ్రీమ్’, రాయల్ కరీబియన్ ఓడలు, ఆ ఊరినే సొంత రేవుగా చేసుకున్న ‘డిస్నీ అడ్వెంచర్’ ఉన్నాయి. టూర్ ఏజెంట్ ప్యాకేజీ కాగితం మీద అన్నిటికీ ‘కిడ్స్ క్లబ్ ఉంది’ అనే రాసి ఉంటుంది. ఏజెంటును అడగాల్సింది క్లబ్బు ఉందా అని కాదు, మీ పిల్లాడి వయసు చెప్పి ఆ వయసుకు ఏ గంటల్లో, ఎంతకు, డైపర్‌తో రానిస్తారా అని. ఆయన దగ్గర జవాబు లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటుంది.

నర్సరీ కావాల్సినవాళ్లు ఓడెక్కకముందే ఆన్‌లైన్లో గంటలు బుక్ చేసుకునే వీలుంటే చేసుకోవాలి, లేకపోతే ఎక్కిన రోజు మధ్యాహ్నమే ఆ కౌంటర్ దగ్గరికి వెళ్లాలి. ఆ సమయంలో జనమంతా బఫే దగ్గర క్యూలో ఉంటారు. బిర్యానీ సాయంత్రం కూడా దొరుకుతుంది, గురువారం రాత్రి ఏడింటి స్లాట్ దొరకదు.